ఎర్ర సీట్ల పెట్టె

మా అత్తగారికి నేను ఇచ్చిన మొదటి మంచి కానుకలో ఆవిడ అర నిమిషంలో తప్పు పట్టుకున్నారు.

ఆవిడ రిటైరైన ఏడాది అది. రైలు పెట్టెలు కట్టే, మరమ్మతు చేసే కార్ఖానాలో ముప్పై తొమ్మిదేళ్లు సీట్లు కుట్టారు. పీచు నింపడం, రెగ్జిన్ కోయడం, మైనం పట్టించిన దారంతో అంచులు బిగించడం ఆవిడ పని. చంద్రవంకలా వంగిన సూదితో మూలలు కుట్టడంలో ఆవిడను మించినవాళ్లు లేరని కార్ఖానాలో అందరూ ‘వంకర సూది’ అనేవాళ్లట. మాటలో కూడా ఆ సూదికి తీసిపోరు. నాది లిఫ్టులు బాగుచేసే పని. పెళ్లయిన దగ్గర్నుంచీ నేనూ నా భార్యా ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాం. అత్తగారింట్లో పెత్తనం ఎవరిదిరా అని స్నేహితులు ఏడిపించేవాళ్లు. తర్వాత్తర్వాత రైళ్లది అని చెప్పడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఒక పాత భవనంలో లిఫ్టు తీగతాళ్లు మార్చి వస్తుంటే, పాత సామాన్ల కొట్టు అద్దంలో బొమ్మ రైలు ఒకటి కనిపించింది. మూడు పెట్టెలు. పైన మీగడ రంగు, నడుము కింద ఆకుపచ్చ, ముందు మొహాన ఒంటి కన్నులా గుండ్రటి దీపం. మా ఊళ్లో శివార్ల నుంచి జనాన్ని మోసుకొచ్చిన పాత లోకల్ రైలు అది. ఆ లైను మూసేసి అప్పటికి ఎనిమిదేళ్లు. స్తంభాల మీద కొత్త రైలు వచ్చాక పాత పట్టాలు పీకేశారు, పెట్టెలన్నీ తుక్కుకు పోయాయి. నేను చదువుకునే రోజుల్లో ఆ రైల్లోనే వేలాడుతూ తిరిగాను. మారుమాట్లాడకుండా కొని తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాను.

ఆవిడ కుట్టుపని భూతద్దం తెచ్చుకుని కిటికీల్లోంచి లోపలికి చూశారు.

“సీట్లు నీలంగా ఉన్నాయి అల్లుడూ,” అన్నారు. “ఆ లైన్లో నీలం సీటు ఒక్కటంటే ఒక్కటి లేదు.”

నా మొహం చూశాక కాస్త తగ్గి, రైలు మాత్రం అచ్చం తమ రైలేనని, తను ఇలాంటిది ఉంటుందని కూడా అనుకోలేదని అన్నారు. మర్నాడు పొద్దున నేను పనికి బయల్దేరే వేళకి ఆ రైలు పైకప్పు ఊడి బల్ల మీదుంది. నా భార్య గోళ్లకు రంగు వేసుకునే బ్రష్షు కడిగి, అత్తగారు గింజంత సీట్లకు ఒక్కొక్కదానికీ ఆకుపచ్చ రంగు వేస్తున్నారు. కుట్టు మిషను ముందు కూర్చునేటప్పుడు ఎలా పెదవి బిగించేవారో అలాగే బిగించి ఉన్నారు. రిటైరైన ఆ నాలుగు నెలల్లో ఆవిడ మొహంలో ఆ బిగువు చూడటం అదే మొదటిసారి.

అలా మొదలైంది. ఎక్కడ పాత బొమ్మ రైలుందని తెలిసినా వెళ్లేవారు. బొమ్మ రైళ్లు సేకరించి చనిపోయినవాళ్ల ఇళ్ల నుంచి, పాత సామాన్ల సంతల నుంచి, ఉత్తరాల ద్వారా పరిచయమైనవాళ్ల నుంచి ఒక్కొక్క పెట్టే వచ్చి చేరింది. మేడమీద మిషను ఉండే గదిలో రెండు పాత తలుపులు బల్లల్లా పరిచి దాని మీద ఆ లైనంతా కట్టడం మొదలుపెట్టారు. పదకొండు స్టేషన్లు, రెండు వంతెనలు, ఒక గేటు. అసలు దానిలో డెబ్బై ఆరో వంతు. తీగలు కలపడం, మోటార్లు సరిచేయడం నా వంతు. “పైకీ కిందికీ నడిపేవాడివి, ముందుకీ వెనక్కీ నడపలేవా?” అని నన్ను ఆ పనిలోకి దించారు. స్కూల్లో లెక్కలు చెప్పే నా భార్య కొలతలు వేసేది. ఒక్కోసారి అన్నం వండే దిక్కుండేది కాదు, ముగ్గురం రొట్టె తిని రైళ్లు నడిపేవాళ్లం.

ఏడేళ్లు గడిచేసరికి ఆ లైన్లో తిరిగిన పెట్టెల్లో దాదాపు సగం మా గదిలో ఉన్నాయి.

పాత రైళ్ల మీద మక్కువ ఉన్నవాళ్లు ఏడాదికోసారి నగర గ్రంథాలయం హాల్లో చేరి తమ తమ రైళ్లు నడిపి చూపిస్తారు. ఆ ఏడు మేమూ బల్లలు విడదీసి, వ్యానులో వేసుకుని వెళ్లాం. జనం బాగా వచ్చారు. అప్పుడే మా బల్ల దగ్గరికి ముప్పై అయిదేళ్ల మనిషి ఒకామె వచ్చింది. పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్ల అచ్చులు పోయడం ఆమె వృత్తి. ఆ చేత్తోనే తీరిక వేళల్లో రైలు పెట్టెలకు అచ్చులు పోసి అమ్ముతుంది. మా దగ్గరున్న వాటిలో అయిదారు ఆమె చేసినవే. అత్తగారు ఆమెను ‘అచ్చులమ్మాయి’ అనేవారు. పనిలో ఎంత నాణ్యమో, పట్టుదలలో అంత మొండి. కాగితం మీద రుజువు లేనిదే మేకు కూడా పెట్టదని పేరు.

ఆమె మా రైళ్లన్నీ ఓపిగ్గా చూసింది. చూసి, చాలా మర్యాదగా, ఒక్క విషయం చెబుతాను ఏమీ అనుకోవద్దంది.

“మీ పదిహేడో నంబరు పెట్టెలో సీట్లు ఎర్రగా ఉన్నాయమ్మా. ఆ లైన్లో అన్నీ ఆకుపచ్చే. జాబితాలన్నీ నా దగ్గరున్నాయి.”

మా అత్తగారి సంగతి తెలిసినవాణ్ణి గనక నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఆవిడ మాత్రం పెదవి విప్పలేదు. ఎవరి రైల్లో ఏ బోల్టు తప్పుందో కడిగేసే మనిషి, తేలు కుట్టిన దొంగలా అలా నిలబడిపోయారు. కాసేపటికి ఆ పెట్టెను పట్టాల మీంచి తీసి చీర చెంగులో తుడిచి డబ్బాలో పెట్టేశారు. అచ్చులమ్మాయి తను ఏదో తప్పు మాట అన్నానేమోనని నొచ్చుకుని వెళ్లిపోయింది.

తిరిగి వస్తూ వ్యానులో నా భార్య అడిగింది, అదేంటమ్మా అలా ఊరుకున్నావని. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. అత్తగారు ముందు అద్దంలోంచి చూస్తూ, తను కూతురికి కూడా ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

ఆవిడ కార్ఖానాలో చేరినప్పుడు వయసు పంతొమ్మిది. తాత్కాలికం. పది నెలలకోసారి పేరు కొట్టేసి, అవసరమైతే మళ్లీ పిలిచేవారు. ఒక శనివారం గుడ్డ కోసే పెద్దాయనకు జ్వరం వచ్చింది. పదిహేడో నంబరు పెట్టెకు కొత్త సీట్లు వేయాలి. పద్నాలుగో అరలోంచి రెగ్జిన్ తెచ్చుకోమని చీటీ ఇచ్చారు. ఈవిడ నలభై ఒకటి అని చదువుకుని ఆ అరలోని చుట్ట దించుకున్నారు. అది అధికారుల సమావేశం గదిలో కుర్చీలకని తెప్పించిన ముదురు ఎరుపు రెగ్జిన్. సీట్ల రంగు మారుస్తున్నారు కాబోలు అనుకున్నారు. అడగడానికి పక్కన ఎవరూ లేరు. పైగా పనంతా ఒక్కదాన్నే ముగిస్తే సోమవారం మెచ్చుకుంటారని ఆశ. ఇరవై ఎనిమిది బెంచీలు, కూర్చునేదీ వీపు ఆనించేదీ కలిపి యాభై ఆరు ముక్కలు. సాయంత్రం గంట కొట్టేసరికి అన్నీ కోసి, దొంతరగా పేర్చి, చేతులు దులుపుకుని ఇంటికి పోయారు.

సోమవారం పొద్దున మేస్త్రి వచ్చి ఆ దొంతర ముందు నిలబడ్డారు. అప్పటికే పక్కవాళ్ల గుసగుసల్లో అత్తగారికి జరిగింది అర్థమైంది. ఉద్యోగం పోయినట్టే. ఇంట్లో తండ్రి మంచం పట్టి ఉన్నాడు, ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. కోసిన గుడ్డను తిరిగి చుట్టగా అతికే విద్య ఎవరికీ తెలియదు.

“ఎన్ని ముక్కలు కోశావు?” అన్నారు మేస్త్రి.

“అన్నీ.”

“కొలత తప్పిందా?”

“లేదండీ.”

ఆయన టేపు తీసి మధ్యలోంచి నాలుగు ముక్కలు లాగి కొలిచారు. నాలుగూ సరిపోయాయి. టేపు మడిచి జేబులో పెట్టుకున్నారు.

“నోరు మూసుకుని కుట్టు. ఒక్క కుట్టు వదిలిందో, ఇద్దరం పోతాం. ఈ మాట ఎవరితోనూ అనకు.”

ఆవిడ ప్రతి అంచూ రెండు వరసలు కుట్టారు. పెట్టె బయటికి వెళ్లింది. ఆశ్చర్యంగా ఎవరూ అడగలేదు. పైనుంచి పిలుపు రాలేదు. ప్రయాణికులు దానికి ‘ఎర్ర పెట్టె’ అని పేరు పెట్టుకున్నారు. కొందరు ఆడవాళ్లు అదెక్కడ ఆగుతుందో చూసి ప్లాట్‌ఫారం మీద అక్కడే నిలబడేవారట. అది ఇరవై రెండేళ్లు అలాగే తిరిగింది. ఏడాది తిరిగాక అత్తగారిని పర్మనెంటు చేశారు. తన వంతు వచ్చింది కాబోలు అనుకున్నారు. సిగ్గు కొద్దీ మేస్త్రి ఎదురుపడితే తల దించుకుని పక్కకు తప్పుకునేవారు. మూడేళ్లకు ఆయన వేరే ఊరి కార్ఖానాకు బదిలీ అయ్యారు. వెళ్లేరోజు కూడా ఈవిడ స్టోరు గదిలో పని కల్పించుకుని అక్కడే ఉండిపోయారు.

“ఆయనకో దండం కూడా పెట్టలేదే,” అన్నారు అత్తగారు కూతురితో. “నా తప్పు ఆయన కడుపులో పెట్టుకున్నాడు. నేను మొహం చాటేశాను.”

నా భార్య వెంటనే, ఇదంతా ఆ అచ్చులమ్మాయికి చెప్పు అంది. నలభై ఆరేళ్ల కిందటి తప్పుకు ఇప్పుడు ఎవరు శిక్ష వేస్తారని అడిగింది. అత్తగారు రెండు రోజులు నాన్చి, మూడో రోజు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. అవతలి మనిషి అంతా విని, ఒక పెట్టె నిండా వేరే రంగు వేస్తే ఎక్కడో ఒకచోట కాగితం ఉండి తీరాలమ్మా, వెతుకుతాను అందట. ‘నమ్ముతాను’ అనలేదు. అత్తగారికి ఆ మాట నచ్చింది. “పనిమనిషంటే అలా ఉండాలి,” అన్నారు. మళ్లీ తనే, “పని తెలిసిన మనిషి అంటున్నా, అంట్లు తోమే మనిషి కాదు,” అని సర్దుకున్నారు.

కార్ఖానా మూతపడ్డప్పుడు దాని పాత కాగితాలన్నీ ఒక ఇంజినీరింగు కాలేజీ లైబ్రరీ తీసుకుని నేలమాళిగలో పడేసింది. అచ్చులమ్మాయి సెలవు రోజుల్లో వెళ్లి ఆ దుమ్ములో కూర్చునేది. అయిదు వారాలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. చేతిలో లావుపాటి ఫైలు, అసలు కాగితాల నకళ్లు. ఆమె మొహం చూస్తే పోటీలో ఓడిపోయి సంతోషిస్తున్న మనిషిలా ఉంది.

“మీదే నిజం. ఎర్రవే,” అంది. “కానీ ఇందులో ఇంకా ఉంది, కూర్చోండమ్మా.”

మొదటి కాగితం మేస్త్రి పై అధికారికి రాసుకున్న లేఖ. పదిహేడో నంబరు పెట్టెకు ముదురు ఎరుపు రెగ్జిన్ వేయించినది తానేనని, మరకలు ఆనవని, మాసినా కళ తగ్గదని తన అభిప్రాయమని, ప్రయోగంగా ఏడాది పరిశీలించి నివేదికలు ఇస్తానని రాశారు. దాని అడుగున అధికారి చేతిరాత: అనుమతి లేకుండా చేసిన పని, మేస్త్రిని హెచ్చరించడమైనది, ఈ ఏడాది పదోన్నతికి పరిగణించరాదు. ఆ తర్వాతి రెండేళ్లూ పరిగణించలేదు. పెద్దమేస్త్రి కావలసిన మనిషి మూడేళ్లు ఆగిపోయారు.

అత్తగారు చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నారు. చదివారో లేదో తెలియదు, వేళ్లతో తడుముతూ ఉండిపోయారు.

ఇక నివేదికలు. పక్షానికొకటి చొప్పున ఇరవై నాలుగు. మేస్త్రి తన సెలవు రోజున టిక్కెట్టు కొనుక్కుని ఆ పెట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం చేసి, ఒక్కో బెంచీ చూసి రాసినవి. అచ్చులమ్మాయి కొన్ని చదివి వినిపించింది. కిటికీ పక్క మూడో బెంచీ మీద పాలు ఒలికాయి, తడిగుడ్డతో తుడిస్తే పోయాయి. ఆరో బెంచీ మీద ఎవరో కంపాసు ముల్లుతో పేరు చెక్కారు, చిరుగు పెరగలేదు. వానాకాలంలో పదకొండో బెంచీ మీద గొడుగుల నీళ్లు నిలిచాయి, రంగు దిగలేదు. ఒక నివేదిక దగ్గర ఆమె ఆగి నవ్వింది. ‘ఒక పెద్దావిడ ఈ సీటులో కూర్చుంటే చుట్టాలింటికి వచ్చినట్టుందని పక్కావిడతో అన్నది. ఇది నివేదికకు అనవసరమని తెలుసును. అయినను రాయుచున్నాను.’

ఆఖరి నివేదిక ఆఖరి వాక్యం ఇది: ‘ఏడాది కాలములో కుట్టు ఒక్కచోట కూడా వదలలేదు. దీనిని కుట్టిన తాత్కాలిక పనివారిని పర్మనెంటు చేయవలసినదిగా కోరుచున్నాను.’

“ఆ వాక్యం మళ్లీ చదువమ్మా,” అన్నారు అత్తగారు.

ఆమె మళ్లీ చదివింది. అత్తగారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆవిడ కంట తడి నేను పెళ్లయ్యాక రెండుసార్లే చూశాను, మామగారు పోయినప్పుడొకసారి, లైను మూసిన ఏడాది తుక్కు యార్డులో సీట్లు వానకు నానుతుంటే చూసొచ్చి ఒకసారి. ఇది మూడోది. కానీ ఈసారి మొహం వెలిగిపోతోంది.

“వంతు వచ్చిందనుకున్నాను,” అన్నారు. “ఇన్నాళ్లూ నా వంతు వచ్చిందనే అనుకున్నాను.” కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, “ఆయన ఉన్నారా?” అని అడిగారు.

ఉన్నారు. పింఛనుదార్ల సంఘం వాళ్లు కనుక్కుని చెప్పారు. తొంభై ఒకటో ఏడు. రెండు గంటల దూరంలో, కూతురు నడిపే పూలమొక్కల నర్సరీ వెనక రెండు గదుల్లో ఉంటున్నారు.

వెంటనే బయల్దేరదామంటే అత్తగారు ఒప్పుకోలేదు. ఊరికే చేతులూపుకుంటూ ఎలా వెళ్తామన్నారు. అచ్చులమ్మాయి పదిహేడో నంబరు పెట్టెకు కొత్త అచ్చు పోసింది. ఆ పెట్టెకు ఒక తలుపు మిగతావాటికంటే వెడల్పట, దాన్ని మేం ఇన్నాళ్లూ గమనించలేదు. కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే రంగుల్లోంచే ఆ ముదురు ఎరుపు కలిపింది. అత్తగారు భూతద్దం కింద ఆ యాభై ఆరు ముక్కల మీదా గుండుసూదితో రెండేసి కుట్టు వరసలు గీశారు. నాలుగు రోజులు పట్టింది. ఇంత చేసినా మామూలు కంటికి కనిపించదు కదా అత్తయ్యా అన్నాను. “ఆయన కంటికి కనిపిస్తుంది,” అన్నారు.

నేనూ నా భార్యా అత్తగారూ అచ్చులమ్మాయీ వెళ్లాం. మేస్త్రి కూతురు మమ్మల్ని మొక్కల వరసల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్లింది. సన్నటి మనిషి, వరండాలో కుర్చీలో కూర్చుని ఖాళీ కుండీల్లో మట్టి నింపుతున్నారు. ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి మాట్లాడమని కూతురు చెప్పింది. ఆయన మా అందరి మొహాలూ చూశారు గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు.

అత్తగారు కుడివైపుకు వెళ్లి వంగారు. “మేస్త్రిగారూ, నేను వంకర సూదిని.”

ఆయన చేతులకున్న మట్టి దులుపుకుని మళ్లీ చూశారు. “కొలత తప్పని పిల్లవా?” అన్నారు.

నా భార్యే సంగతంతా చెప్పింది. అత్తగారు డబ్బా తెరిచి పెట్టెను ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని వెలుగు వైపు తిప్పి, కూతురి చేత టార్చి తెప్పించుకుని, ఒక్కో కిటికీలోంచీ లోపలికి చూశారు. మూడో కిటికీ దగ్గర ఆగారు.

“రెండు వరసలు కుట్టావే.”

“మీరు ఊడకూడదన్నారు కదండీ,” అన్నారు అత్తగారు. ఇక ఆగలేదు. “మీ రిపోర్టులన్నీ చదివాం మేస్త్రిగారూ. మీరు పడ్డ మాట కూడా చదివాం. నాకు అప్పుడేమీ తెలీదు. ఆ ఉద్యోగంతోనే మా నాన్నకి మందులు కొన్నాను, చెల్లెళ్లని చదివించాను, ఇదిగో దీన్ని పెంచాను. మీకు ఒక్క మాట చెప్పకుండా తప్పించుకు తిరిగాను. అది చెప్పుకోడానికి వచ్చాను. ఇంత ఆలస్యంగా వచ్చాను.”

“రైల్వే వాళ్లం కదమ్మా,” అన్నారాయన. “కాస్త ఆలస్యం మామూలే.”

అందరం నవ్వాం. ఆయన మాత్రం పెట్టెనే చూస్తున్నారు. నవ్వులు సద్దుమణిగాక, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించారు.

“నువ్వనుకుంటున్నట్టు నేను నీ కోసమే చేశాననుకోకు. ఆ ఎరుపు వేయాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ అక్కర్లేదన్నారు. మూడోసారి అడిగే ధైర్యం లేకపోయింది. ఆ సోమవారం నీ దొంతర చూసి, మొదట నీ వీపు విమానం మోత మోగిద్దామనుకున్నా. తర్వాత అనిపించింది, ఈ పిల్ల తెలీక చేసేసింది, నేను తెలిసీ చేయలేకపోయాను అని. నీ పుణ్యాన ఒక్క పెట్టెకైనా వేశాం. సెలవొస్తే అందులో కూర్చుని ఊరంతా తిరిగాను. ఆ ఏడాదే నాకు నా పని బాగా నచ్చింది. థాంక్స్ నేను చెప్పాలి నీకు.”

అత్తగారు నమ్మలేనట్టు చూశారు. తన మనసు తేలికపరచడానికి అంటున్నారేమో అనుకున్నారట. అచ్చులమ్మాయి తన సంచీలోంచి ఫైలు తీసి రెండు కాగితాలు పైకి లాగింది. ఆ సంఘటనకు నాలుగేళ్ల ముందొకటి, రెండేళ్ల ముందొకటి. ముదురు ఎరుపు రెగ్జిన్ ప్రయోగానికి అనుమతి కోరుతూ మేస్త్రి రాసుకున్న అర్జీలు. రెండింటి మీదా ‘అవసరము లేదు’ అని ఎర్ర సిరా. వెతికేటప్పుడు కనిపించాయని, పొరపాటున పడిన రంగన్న మాటతో వాటికి పొత్తు కుదరక పక్కన పెట్టానని చెప్పింది. మేస్త్రి కూతురు ఆ అర్జీలు తీసుకుని తండ్రి చేతిరాతను నిలబడే చదువుకుంది. ఆయన తన ఉద్యోగం గురించి ఇంట్లో ఎప్పుడూ ఏమీ చెప్పలేదట.

ఆ రోజు సాయంత్రం వరకూ అక్కడే ఉన్నాం. ఇద్దరూ కార్ఖానా కబుర్లు చెప్పుకున్నారు. పీచులో బూజు పట్టిన ఏడాది, కోత కత్తి దాచేసిన పిల్లి, టీ బండివాడి అబద్ధాలు. వచ్చేటప్పుడు ఆయన అత్తగారికి ఒక మందారం కుండీ ఇచ్చారు. నీళ్లు తక్కువ పోయమని మూడుసార్లు చెప్పారు.

ఇది జరిగి రెండేళ్లయింది. నెలకోసారి కూతురు ఆయన్ని మా ఇంటికి తీసుకొస్తుంది. మెట్లెక్కలేరు గనక బల్లలు కిందికి దించి ముందు గదిలో పెట్టాం. సోఫా అమ్మేశాం. వచ్చిన మొదటిరోజే నాలుగో స్టేషన్లో బెంచీ అవతలి ప్లాట్‌ఫారం మీద ఉండాలని తప్పు పట్టారు. అత్తగారు వాదించారు. తర్వాత ఒక పాత ఫోటో దొరికితే ఆయన మాటే నిజమైంది. ఆవిడ నోరెత్తకుండా బెంచీ మార్చారు. అత్తగారు ఒకరి దగ్గర ఓడిపోవడం నేను చూడటం అదే మొదలు, నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

అచ్చులమ్మాయి ఇప్పుడు వాళ్లిద్దరి ముందూ పుస్తకం పెట్టుకుని కూర్చుంటుంది. ఏ పెట్టె సీట్లు ఎవరు కుట్టారు, ఎవరు కోశారు, వడ్రంగం ఎవరిది, గుర్తున్నంత వరకూ చెప్పించుకుని రాస్తుంది. తను అమ్మే ప్రతి బొమ్మ పెట్టెతోపాటూ చిన్న చీటీ జతచేస్తుంది. ఇదివరకు అందులో కొలతలూ, తేదీలూ ఉండేవి. ఇప్పుడు ఆ పని చేసినవాళ్ల పేర్లు కూడా ఉంటున్నాయి.

ఆ చీటీల సంగతి నోటా నోటా పాకింది. నిన్నగాక మొన్న నడివయసావిడ ఒకరు ఊరి అవతలి కొస నుంచి అడ్రసు పట్టుకుని వచ్చారు. వాళ్ల నాన్న కార్ఖానాలో రంగులు వేసేవారట, ముప్పై ఏళ్లు. ఇంట్లో ఆయన ఫోటో ఉంది గానీ ఆయన పనిది ఏమీ మిగల్లేదట. బల్ల మీద తిరుగుతున్న రైలును చూస్తూ, ఆ మీగడ రంగును చూస్తూ, చాలాసేపు నిలబడే ఉన్నారు. చివరికి బెరుగ్గా, రంగు వేసినవాళ్ల పేర్లు కూడా రాస్తారా అండీ అని అడిగారు.

అత్తగారు ఆవిడకు కుర్చీ జరిపారు.

“ఎందుకు రాయం? కూర్చో తల్లీ. మీ నాన్న ఎన్ని పూతలు వేసేవారో ఎప్పుడన్నా చెప్పారా?”